పాతకాలపు దుస్తు, కొత్త సూదిపని: తిరువళ్లూరు–తిరుత్తణి సీమ

రాయల కాలపు కబాయి, నవాబుల నాటి జామా, మన అవ్వల తరం తొడిగిన పొడుగుచేతుల జాకెట్టు. ఇలాంటి దుస్తుల్ని చేనేత బట్టతో, చేతికుట్టుతో, పాత కొలతల్లో మళ్లీ తయారు చేయించుకునేవాళ్లు ఇవాళా ఉన్నారు. నాటకం వేసేవాళ్లు, నాట్యం చేసేవాళ్లు, ప్రదర్శనశాలలో బొమ్మకు తొడగాల్సినవాళ్లు, పెళ్లిలో నలుగురిలో వేరుగా కనబడాలనుకునేవాళ్లు. దుస్తు ఒంటికి కుదిరాక పైన నాలుగు పూలు వేయిస్తే సరిపోతుందని అనుకోవడం రివాజు. పని చెడేది అక్కడే. ఎంబ్రాయిడరీ ఎక్కడ వస్తుందో, ఎంత బరువు తూగుతుందో బట్ట మీద కత్తెర పడకముందే తేలాలి. అంతకన్నా ముందు తేలాల్సింది, ఆ కాలంలో ఆ దుస్తు మీద సూదిపని ఉండేదా అన్న సంగతి.

ఈ ప్రశ్న వేసుకోవడానికి తమిళనాడు ఉత్తరపు అంచున ఉన్న తిరువళ్లూరు, తిరుత్తణి ప్రాంతం తగిన చోటు. దక్షిణాన కంచి పట్టు, ఉత్తరాన వెంకటగిరి నూలు, తూర్పున పులికాట్ రేవు, వాయవ్యాన చంద్రగిరి కోట, నైరుతిన ఆర్కాటు నవాబుల సీమ. బట్ట విషయంలో ఇంత కలిగిన నేల దక్షిణాదిలో తక్కువ. సూదిపని విషయంలో మాత్రం కాస్త పిసినారి నేల.

సీమ, దాని బట్ట

తిరువళ్లూరు జిల్లా 1997లో పాత చెంగల్పట్టు జిల్లా నుంచి విడివడింది. తిరుత్తణి చరిత్ర వేరు. అది కార్వేటినగరం సంస్థానంలో భాగంగా ఉండి, తర్వాత చిత్తూరు జిల్లాలో తాలూకా అయింది. 1959 నాటి సరిహద్దు మార్పుల చట్టం ప్రకారం 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి, పళ్లిపట్టు ప్రాంతాలు మద్రాసు రాష్ట్రంలోకి వెళ్లాయి, సత్యవేడు వైపు ఊళ్లు ఆంధ్రకు వచ్చాయి. గీత మారినా మగ్గాలు ఎక్కడివక్కడే ఉన్నాయి. ఇటు పొదటూరుపేట, ఆర్.కె.పేట, అమ్మయ్యార్‌కుప్పం, అటు నగరి, పుత్తూరు, నారాయణవనం. ఈ ఊళ్లన్నిటా నేతే బతుకుతెరువు, ఇప్పుడు ఎక్కువగా మరమగ్గాల మీద. తెలుగు ఇళ్లు, తమిళ ఇళ్లు ఒకే వీధిలో ఉంటాయి. ఇంట్లో తెలుగు, బజారులో తమిళం మాట్లాడే కుటుంబాలకు లెక్కలేదు.

తూర్పు తీరంలో పులికాట్‌ది ఇంకా పాత కథ. వేంకటపతి రాయల అనుమతితో 1610లో డచ్చివాళ్లు అక్కడ కుదురుకున్నారు. 1613కల్లా గెల్డ్రియా కోట లేచింది. వాళ్లకు కావలసింది బట్ట. తూర్పు దీవుల్లో సుగంధ ద్రవ్యాలు కొనాలంటే డబ్బు కన్నా కోరమాండల్ బట్టే బాగా చెల్లేది. ఇంగ్లీషువాళ్లు 1626లో దుగరాజపట్నం దగ్గర గిడ్డంగి పెట్టారు. అది కలిసిరాక 1639లో మద్రాసు ఇసుక తిన్నెల మీదికి చేరారు. ఆ మార్పుకు ఫ్రాన్సిస్ డే చెప్పిన ముఖ్య కారణం అక్కడ బట్ట చౌకగా దొరుకుతుందని. మద్రాసు మహానగరానికి పునాది వేసింది ఒక రకంగా ఈ చుట్టుపక్కల సాలెవాళ్లే.

ఆ బట్ట అందమంతా రెండు చోట్ల పుట్టేది. ఒకటి మగ్గం: గళ్లు, చారలు, అంచులు. రెండోది రంగుల పని: చిరివేరు ఎరుపు, నీలిమందు, కరక్కాయ పట్టించిన నూలు మీద కలంతో గీసిన పూల తీగలు. సూదికి ఇక్కడ పని తక్కువ. చీర, పంచె, కండువా, తలగుడ్డ అన్నీ కత్తెర తగలని గుడ్డలు. అంచూ కొంగూ మగ్గం మీదే పుట్టాక పైన మళ్లీ కుట్టే అవసరం ఏముంటుంది? కచ్ కుట్టుపని, పంజాబు ఫుల్కారీ, బంజారాల అద్దాల కుట్టు లాగా ఈ సీమకు పేరుపడిన ఊరుమ్మడి సూదికళ ఒకటి లేకపోవడానికి కారణం ఇదేనని నా అభిప్రాయం.

బొమ్మలూ రాతలూ చెప్పేది

సూది వచ్చింది కత్తిరించి కుట్టిన దుస్తుతో. కుట్టిన దుస్తు వచ్చింది దర్బారుతో.

విజయనగర దర్బారులో మగవాళ్లు పైన పొడవాటి అంగీ, తల మీద ఎత్తయిన కుళ్లాయి పెట్టేవారు. అంగీకి కబాయి అని పేరు. శ్రీనాథుడి పేర చెప్పుకునే చాటుపద్యంలో కవిగారు కన్నడ రాజ్యలక్ష్మితో మొరపెట్టుకుంటూ, కుళ్లాయి పెట్టాననీ, పెద్ద కూర్పాసం తొడిగాననీ వాపోతాడు. కొలువులోకి అడుగుపెట్టాలంటే అలవాటు లేని కుట్టుబట్ట తొడగాల్సి రావడం ఆయనకు ఉక్కపోతే అయి ఉంటుంది. పశ్చిమాసియా సుల్తానుల కొలువుల నుంచి ఈ వేషం హిందూ రాజుల కొలువుకు ఎలా వచ్చిందో ఫిలిప్ వాగనర్ 1996లో ఒక ప్రసిద్ధ వ్యాసంలో వివరించాడు. ఆ వేషం మతానికి గుర్తు కాదని, పెద్ద దర్బారుల మధ్య నడిచిన ఉమ్మడి మర్యాద అని ఆయన వాదన.

సుమారు 1520లో హంపీ చూసిన పోర్చుగీసు వర్తకుడు డొమింగో పేస్, కృష్ణదేవరాయలు తెల్లని బట్టల్లో ఉన్నాడని, వాటి నిండా బంగారు గులాబీలు ఉన్నాయని, తల మీద జరీబట్ట టోపీ ఉందని, కాళ్లకు చెప్పులు లేవని రాశాడు. ఓ పదిహేనేళ్ల తర్వాత అచ్యుతరాయల కాలంలో రాసిన నూనిజ్ ఇంకొంచెం లెక్కల మనిషి. రాజుగారి పట్టుబట్ట ఒక్కొక్కటి పది వరహాలని, కుళ్లాయి ఇరవై క్రుజాడోలని ధరలు కట్టాడు. రాజు ఒకసారి తొడిగిన బట్ట మళ్లీ తొడగడని, విడిచిన బట్టను అప్పగించుకుని లెక్క రాసుకునే అధికారులు వేరే ఉన్నారని, దాన్ని ఎవరికీ ఇవ్వరని కూడా చెప్పాడు.

మన నాటకాల కృష్ణరాయలు ముఖమల్ కోటు మీద చమ్కీలు కుట్టించుకుని, చెమటలు కక్కుతూ రంగం మీదికి వస్తాడు. సినిమా రాయలకూ బరువైన వేషమే అలవాటు. పేస్ చూసిన రాయలది తెల్లని బట్ట. ఈ సీమ ఎండను ఎరిగినవాళ్లకు ఆ తెలుపు నమ్మదగినదిగా కనిపిస్తుంది. పాత దుస్తును మళ్లీ తయారు చేసేవాళ్లు నాటకం ట్రంకుపెట్టెను కాక ఈ సాక్ష్యాన్ని పట్టుకోవాలి.

అయితే ఆ గులాబీలు కుట్టినవా, నేసినవా? దర్బారులో దూరంగా నిలబడి చూసే విదేశీయుడికి ఆ తేడా తెలిసే వీలు లేదు. వెంకటగిరిలో సన్నని నూలు మీద జరీ బుటాలను జాందానీ పద్ధతిలో, మగ్గం మీదే, ఒక్కో పువ్వుకు విడిగా పోగు తిప్పి నేసే పనితనం ఇప్పటికీ ఉంది. రెండడుగుల దూరం నుంచి చూస్తే ఆ బుటా కుట్టినట్టే ఉంటుంది. కాబట్టి రాయల కబాయి కావాలనుకునేవాళ్లకు దారులు రెండు: బుటాలు నేసిన బట్ట తెచ్చి మెడకూ ముంజేతికీ మాత్రం సూదిపని పెట్టడం, లేదా సాదా మల్లు మీద గులాబీలన్నీ కుట్టడం. రెండూ సమర్థించదగినవే. మొదటిది ఈ నేల స్వభావానికి దగ్గర.

బొమ్మల సాక్ష్యం కూడా ఇంతే జాగ్రత్తగా చూడాలి. లేపాక్షి వీరభద్రాలయం పైకప్పు చిత్రాల్లో 16వ శతాబ్దపు మగవాళ్ల కుళ్లాయిలు, తెల్లని పొడుగు అంగీలు, ఆడవాళ్ల చీరల మీద గళ్లు, చారలు, పూల వరసలు కనిపిస్తాయి. తిరుమలలో కృష్ణదేవరాయలు ఇద్దరు రాణులతో నిలబడిన లోహ విగ్రహాల్లో కుళ్లాయి ఆకారం చక్కగా తెలుస్తుంది. 17వ శతాబ్దపు తొలి దశకాల్లో కోరమాండల్ తీరంలో రాసిన ఏడు పలకల కలంకారీ తెర ఒకటి 1914లో న్యూయార్కులోని బ్రూక్లిన్ మ్యూజియానికి చేరింది. ఒక్కో పలకలో ఒక్కో జాతివాళ్లు తమ తమ వేషాల్లో ఉంటారు. కత్తిరింపు తెలుసుకోవడానికి ఇంతకు మించిన పాఠ్యపుస్తకం లేదు. కానీ కుంచె గీత మీద ఆధారపడి ఇది జర్దోసీ, ఇది అద్దకం అని తేల్చి చెప్పేవాళ్లను నమ్మడం కష్టం.

18వ శతాబ్దానికి వచ్చేసరికి చిత్రం తేటపడుతుంది. ఆర్కాటు నవాబు ముహమ్మదలీ వాలాజా మద్రాసులో చేపాకం మహలు కట్టించుకుని అక్కడికి మారాడు. టిల్లీ కెటిల్, జార్జి విలిసన్ ఆయన నిలువెత్తు నూనె చిత్రాలు వేశారు. వాటిలో తెల్లని పలచని జామా, నడుముకు జరీ పటకా, తలపాగా మీద నగ స్పష్టంగా ఉంటాయి. ఇక్కడా అదే పద్ధతి: ఒళ్లంతా తెలుపు, అంచుల్లో బంగారం. కార్వేటినగరం వంటి చిన్న సంస్థానాల ప్రభువులు కూడా ఆ కాలపు దర్బారు మర్యాదకు దూరంగా ఉండి ఉండరు. పదకర్త సారంగపాణి పదాలు విన్న ఆ కొలువు నేటి తిరుత్తణికి బండి ప్రయాణమంత దూరమే.

పని వరస

మొదట బట్ట. చేనేత నూలుకు గంజి ఉంటుంది. నీళ్లలో నానబెట్టి, గంజి పోయేదాకా పిండి, నీడన ఆరబెట్టాలి. కుంచించుకుపోవడం ఏదన్నా ఉంటే ఇప్పుడే కావాలి. ఎంబ్రాయిడరీ అయ్యాక బట్ట ముడుచుకుంటే పువ్వుల చుట్టూ ముడతలు పడతాయి, వాటిని ఏ ఇస్త్రీ కూడా సరిచేయలేదు.

తర్వాత ముతక గుడ్డతో నమూనా కుట్టి తొడిగి చూడాలి. కబాయి, జామా వంటివాటి కత్తిరింపు చాలావరకు నిలువు పలకలే. చంకకింద చదరపు ముక్క, పక్కల్లో త్రికోణపు కలీలు, ముందు భాగం ఒకదాని మీద ఒకటి వచ్చి నాడాలతో ముడిపడుతుంది. నమూనా కుదిరాక ఆ ముక్కల గీతల్ని అసలు బట్ట మీదికి కచ్చా కుట్టుతో ఎక్కిస్తారు. బట్ట మాత్రం కత్తిరించరు. ఈ ఒక్క నియమం పాటిస్తే సగం కష్టాలు తప్పుతాయి. కత్తిరించిన ముక్కను మగ్గానికి కడితే అంచులు సాగుతాయి, ఏటవాలు కోతలైతే ఆకారమే మారిపోతుంది. పైగా మగ్గం మీద బిగువుగా లాగిన బట్ట పని అయ్యాక వదిలితే కాస్త దగ్గరపడుతుంది. ఆ తరుగు కలుపుకుని గీత గీయాలి.

డిజైను ఎక్కించడం ఒక ముచ్చటైన పని. ట్రేసింగ్ కాగితం మీద గీసిన బొమ్మకు సూదితో గీత వెంట చిల్లులు పొడుస్తారు. ఆ కాగితాన్ని బట్ట మీద పరిచి, కిరోసిన్‌లో కలిపిన జింకు పొడినో నీలం పొడినో గుడ్డముక్కతో రుద్దితే చుక్కలు కిందికి దిగుతాయి. తెల్లని మల్లు మీద పొడి పలచగా ఉండాలి, లేకపోతే మరక దారం సందుల్లోంచి కనిపిస్తూనే ఉంటుంది. ముందు రెండు భాగాలు కలిసేచోట పువ్వు సగం ఇటు, సగం అటు పడకుండా చూసుకోవాలి. పాత పనివాళ్లు అతుకు దగ్గర రెండు మూడు పువ్వులు కుట్టకుండా వదిలేసి, దుస్తు కుట్టాక ఆ ఖాళీని చేతిసూదితో పూరిస్తారు. అతుకు కనబడకుండా పోవడం ఆ కిటుకువల్లే.

మగ్గం అంటే ఇక్కడ నేతమగ్గం కాదు. నాలుగు కర్రల చట్రానికి బట్టను దారాలతో బిగించి కట్టే కార్చోబు. తెలుగువాళ్లు మగ్గం వర్క్ అంటారు, చెన్నైలోనూ తిరువళ్లూరులోనూ ఆరీ వర్క్ అంటేనే తెలుస్తుంది. పనివాళ్లు నేల మీద బాసింపట్టు వేసుకుని చట్రం చుట్టూ కూర్చుంటారు. కుడిచేతిలో ఆరీ, అంటే చివర చిన్న కొక్కెం ఉన్న సూది. ఎడమచేయి బట్ట కింద దారం అందిస్తూ ఉంటుంది. కొక్కెం కిందికి దిగి దారాన్ని పట్టి పైకి లాగితే పైన గొలుసుకుట్టు, కింద తిన్నని గీత పడతాయి. కచ్‌లో తోలుపని చేసే మోచీల చేతిలో ఈ కొక్కెం పండింది. 18వ శతాబ్దంలో యూరప్‌కు చేరి, అక్కడ డోలు లాంటి గుండ్రని చట్రం మీద బట్ట బిగించి కుట్టే పద్ధతిగా పేరు తెచ్చుకుంది. కాబట్టి రాయల కాలపు దుస్తు మీద అచ్చంగా ఆరీ గొలుసుకుట్టే నింపేయడం కన్నా, దర్బారు పనిలో ఎక్కువగా కనిపించే పరుచుకుట్టు పద్ధతిని మూలంగా పెట్టుకోవడం మేలు.

పరుచుకుట్టు సంగతి ఇది. అసలు జరీ అంటే పట్టుదారం చుట్టూ, రేకులా చదును చేసిన వెండితీగ చుట్టి, బంగారు మెరుగు పెట్టినది. దాన్ని సూదికి ఎక్కించి బట్టలోంచి ఇటూ అటూ లాగితే రేకు చిట్లి లోపలి దారం బయటపడుతుంది. అందుకని జరీని బట్ట పైనే పరిచి, సన్నని పసుపుపచ్చ పట్టుదారంతో ఇంతింత దూరాన చిన్న చిన్న కుట్లు వేసి అదిమి పెడతారు. వెండి రంగు జరీకి తెల్లదారం వాడతారు. పువ్వు మలుపు దగ్గర తీగను మడిచి తిప్పడంలోనే పనివాడి చేయి తెలుస్తుంది. స్ప్రింగులా చుట్టిన తీగను చిన్న ముక్కలుగా కత్తిరించి పూసల్లా సూదికి గుచ్చి కుట్టేది ఇంకో రకం. దాన్నే మన బజారులో జర్దోసీ అని విడిగా అమ్ముతారు. దారానికి తేనెమైనం పట్టించడం మరిచిపోకూడదు, తీగ అంచుకు ఒరుసుకుని దారం తెగకుండా కాపాడేది అదే.

బరువు ఎక్కడ పడుతుందన్నది తర్వాతి లెక్క. మెడ చుట్టూ, భుజాల మీద, ముంజేతుల దగ్గర, నాడాలు కట్టే అంచున పని పెడితే దుస్తు సరిగ్గా వేలాడుతుంది. జామా ఘేరు కింద అంచంతా తీగపని నింపితే పలచని నూలు దాన్ని మోయలేక కలీల దగ్గర సాగుతుంది. అంత పని కావాలంటే లోపల అస్తరు వేసి, కుట్టు రెండు పొరల్నీ పట్టేలా చూడాలి. మల్లు మీద ఇంకో చిక్కు ఉంది. అది ఆరపార కనిపించే బట్ట. వెనక దారాలు ఒక పువ్వు నుంచి ఇంకో పువ్వుకు దూకితే ముందు నుంచి గీతల్లా కనబడతాయి. ప్రతి పువ్వు దగ్గరా దారం ముగించి మళ్లీ మొదలెట్టాల్సిందే.

పని పూర్తయ్యాక మగ్గం దించి, కుట్టు అంచులకు సరిపడా బట్ట వదిలి అప్పుడు కత్తిరిస్తారు. ముక్కలు కలిపే కుట్టు తీగపని మీదికి రాకూడదు. కుట్టుమిషను సూది జర్దోసీ తీగ మీద పడితే సూదీ పోతుంది, తీగా పోతుంది. ఆ అతుకులు చేత్తో వేసుకోవడమే దారి.

ఇప్పటికే కుట్టేసిన దుస్తు చేతికొచ్చినప్పుడు ఏం చేయాలి? మగ్గం వీలుకాదు. అస్తరు ఉంటే ఒక పక్క అతుకు విప్పి, పై పొర ఒక్కటే చిన్న రింగులో బిగించి, మామూలు సూదితో కుట్టాలి. అస్తరుతో కలిపి కుడితే రెండు పొరలూ వేరువేరుగా లాగి ముడతలు పడతాయి. అతుకు గట్టు మీద రింగు బిగించకూడదు, ఏటవాలు కోత ఉన్నచోట అసలు బిగించకూడదు. అక్కడ బట్టను ఒళ్లో పెట్టుకుని, కింద పలచని ఆదరువు గుడ్డ కచ్చా వేసుకుని, కాడకుట్టు, పరుచుకుట్టు లాంటి తేలిక పనులతో సరిపెట్టుకోవాలి. అన్నిటికన్నా తెలివైన మార్గం మెడపట్టీ, ముంజేతి పట్టీ విడిగా మగ్గం మీద కుట్టించి, తర్వాత దుస్తుకు చేత్తో అతకడం. పాత దుస్తుల్లోనూ ఈ పద్ధతి ఉంది. నూలు బట్ట ఉతుక్కు వెళ్లేది, తీగపని వెళ్లదు. పట్టీ విప్పి ఉతికి మళ్లీ అతుక్కునేవారు.

రంగుల గురించి ఒక్క మాట. కృత్రిమ రంగులు 1856 తర్వాతివి. అంతకు ముందరి దుస్తుకు చిరివేరు ఎరుపు, నీలి, కరక్కాయ నలుపు, పసుపు, వాటి కలయికలు చాలు. మెరిసే గులాబీ, చిలకపచ్చ పాలిస్టరు దారం పడిందా, ఎంత బాగా కుట్టినా ఆ దుస్తు ఈ ఏటిదేనని తెలిసిపోతుంది.

పోగు తీసి చేసే అలంకారం

ఈ తీరపు బట్టకు సూది చేసిన అన్నిటికన్నా విచిత్రమైన మర్యాద ఇక్కడ జరగలేదు, ఆఫ్రికాలో జరిగింది. పులికాట్, మద్రాసు చుట్టుపక్కల, తర్వాత చీరాల వైపు నేసిన గళ్ల రుమాళ్లు పశ్చిమాఫ్రికాకు ఎగుమతి అయ్యేవి. వాటికి రియల్ మద్రాస్ హాండ్‌కర్చీఫ్ అని వ్యాపార నామం. నైజీరియాలో నైజర్ డెల్టాలోని కలబారీ జాతి స్త్రీలు ఈ గళ్ల బట్టను ఇంజిరి అంటారు. నేతలోని కొన్ని పోగుల్ని సూదితో పైకెత్తి, బ్లేడుతో కోసి, లాగి తీసేస్తారు. మిగిలిన పోగులు కొత్త నమూనాగా ఏర్పడతాయి. దాన్ని పెలెటె బిటె అంటారు. జోఆన్ ఐకర్, టోన్యె ఎరెకోసిమా 1980ల నుంచి దీని మీద విస్తారంగా రాశారు. మన వాళ్లు నేసి పంపిన గళ్లను వాళ్లు తమవిగా చేసుకున్న తీరు అది. ఎంబ్రాయిడరీ అంటే చేర్చడమే అనుకునేవాళ్లకు ఇదొక వింత. పులికాట్ గళ్ల బట్టతో పాత తీరు దుస్తు కుట్టేవాళ్లు పైన పూలు ఎక్కించేముందు ఈ కలబారీ పనిని ఒకసారి చూడటం మంచిది. గళ్ల మీద పూలు ఎప్పుడూ గజిబిజిగానే ఉంటాయి.

కలంకారీ చీటీల విషయం దీనికి తలకిందులు. 17వ శతాబ్దం చివర్లో ఇంగ్లండులో ఉన్నిదారంతో కుట్టిన పెద్ద చెట్ల తెరలు, ఇక్కడ కలంతో రాసిన పూలచెట్ల దుప్పట్లు ఒకదాన్నొకటి అనుకరిస్తూ పోయాయి. 1686లో ఫ్రాన్సు, 1721లో ఇంగ్లండు ఈ బట్టల మీద నిషేధాలు పెట్టేంతగా అక్కడి ఆడవాళ్లు వీటి మీద మోజుపడ్డారు. సూది చేసే పనిని కలం చేసి చూపింది. అలాంటి బట్ట మీద మళ్లీ సూదితో దిద్దడం చేసిన పనినే చేయడం.

అవ్వల జాకెట్లు

రాజుల సంగతి పక్కన పెడితే, ఈ సీమలో ఇళ్లలోకి సూదిపని నిజంగా వచ్చింది 19వ శతాబ్దం చివర, 20వ శతాబ్దం మొదట్లో. మిషన్ స్కూళ్లలో ఆడపిల్లలకు కుట్లు అల్లికలు నేర్పేవారు. మోచేతి దాకానో మణికట్టు దాకానో చేతులు, మెడ చుట్టూ కుచ్చు, ముందు గుండీల వరస ఉండే జాకెట్టు ఆ కాలపు ఫొటోల్లో కనిపిస్తుంది. దాని మీద పని తెలుపు మీద తెలుపు: చిన్న రంధ్రం చేసి చుట్టూ కాజా కుట్టు, అంచుకు అలల్లా కత్తిరించిన కుట్టు, కాడకుట్టుతో ఒక తీగ, నాలుగు ముడికుట్లు. ఉతికి ఉడకబెట్టి గంజి పెట్టే బట్ట మీద నిలిచే పని అది. ఆ తర్వాతి తరాల్లో యాంకర్ దారం కట్టలు, ఇనుప పెట్టెలో రింగు, ఆ రింగు మీద సగంలో ఆగిన దిండు గలీబు ప్రతి మధ్యతరగతి ఇంటి ఆస్తి. ప్రభుత్వం నడిపే టైలరింగ్, ఎంబ్రాయిడరీ లోయరు, హయ్యరు పరీక్షలు చాలామంది ఆడవాళ్లకు టీచరు ఉద్యోగం తెచ్చాయి.

పాతకాలపు దుస్తు మీద తొలిసారి చేయి పెట్టేవాళ్లకు నేను కబాయి కన్నా ఈ జాకెట్టునే సూచిస్తాను. ఖర్చు తక్కువ, సాక్ష్యం ఎక్కువ. కొలతకు ఏదో ఒక ఇంటి పెట్టెలో అసలు జాకెట్టే దొరకవచ్చు. లోపలివైపు తిప్పి చూస్తే ఎన్ని కుట్లు ఎంత దూరంలో వేశారో అక్కడే రాసిపెట్టి ఉంటుంది.

నేటి పనివాళ్లు

చెన్నై చుట్టుపక్కల ఆరీ, జర్దోసీ పని ఇవాళ ప్రధానంగా పెళ్లి జాకెట్ల మీద నడుస్తోంది. పూసలు, తీగలు, చమ్కీలు కావాలంటే సౌకార్‌పేటకు వెళ్లాల్సిందే. ముహూర్తపు రోజులు దగ్గరపడే కొద్దీ ప్రతి టైలరు దుకాణం వెనక ఒక మగ్గం కనిపిస్తుంది. ఆ వేగంలో పాతకాలపు నమూనా పట్టుకెళ్లి ఇలాగే కావాలంటే ఎవరూ ఒప్పుకోరు. ఆడి, మార్గళి లాంటి పెళ్లిళ్లు లేని నెలల్లో అడిగితే వింటారు.

చారిత్రక పనికే అంకితమైన ఉదాహరణ కూడా చెన్నైలోనే ఉంది. పారిస్‌లో పేరుమోసిన లెసాజ్ ఎంబ్రాయిడరీ కుటుంబానికి చెందిన జాన్ ఫ్రాంస్వా లెసాజ్ 1993లో ఇక్కడ వస్త్రకళ అనే సంస్థ మొదలుపెట్టాడు. ఫ్రాన్సు పాత భవనాల్లోని తెరలు, కుర్చీ బట్టల మీది ఎంబ్రాయిడరీని తమిళనాడు పనివాళ్లు పాత పద్ధతిలో మళ్లీ కుడతారు. ఒకప్పుడు పులికాట్ నుంచి ఓడల్లో బట్ట వెళ్లింది. ఇప్పుడు చేతిపని వెళ్తోంది.

చేతిపని అని చెప్పి కంప్యూటరు ఎంబ్రాయిడరీ అమ్మడం మామూలైపోయింది. కనిపెట్టడానికి బట్ట తిప్పితే చాలు. మిషను పనికి వెనక తెల్లని బాబిను దారం ఒకే తీరుగా పరుచుకుని ఉంటుంది, అడుగున కాగితం లాంటి అట్ట మిగిలి ఉంటుంది. చేతిపనికి వెనక ముళ్లు, దారం మొదలూ చివరా, చేయి అలసినచోట కాస్త పొడుగైన కుట్లు కనిపిస్తాయి. ఆరీ అయితే తిన్నని గీత.

దాచడం, విప్పడం

వెండి జరీ గాలిలోని గంధకానికి నల్లబడుతుంది. సెంటు, చెమట, నాఫ్తలీను ఉండలు తగిలితే ఇంకా తొందరగా నల్లబడుతుంది. తీగపని ఉన్న దుస్తును ఉతికిన పాత నూలు గుడ్డలో చుట్టి పెట్టాలి, ప్లాస్టిక్ సంచిలో పెట్టకూడదు. పనిమీద మడత పడకూడదు, గొట్టానికి చుట్టి ఉంచితే ఇంకా మంచిది. ఏడాదికి రెండుసార్లు నీడన ఆరవేయాలి. ఉతకడం కుదరదు కనుక లోపల చెమట పీల్చే పలచని బనీను లాంటిది తొడిగి పైన వేసుకోవాలి.

పాత దుస్తులు మనకు మిగలకపోవడానికి చెదలూ తేమే కారణం కాదు. అసలు వెండి జరీ ఉన్న చీరలు, అంగీలు, పరికిణీలు కొని వెండి కోసం కరిగించేవాళ్లు వీధుల వెంట తిరుగుతూనే ఉన్నారు. కంచి, తిరువళ్లూరు, చిత్తూరు ఊళ్లలో పాత పట్టుచీరలు కొంటామన్న కేక వినని పెద్దవాళ్లుండరు. బట్ట చిరిగిపోయినా తీగపని గట్టిగా ఉంటే దాన్ని అమ్మకుండా, పువ్వుల చుట్టూ వేలెడు బట్ట వదిలి కత్తిరించి, వెనక కొత్త నూలు గుడ్డ పెట్టి, అదే రంగు కొత్త బట్ట మీద చిన్న చిన్న కుట్లతో అతకవచ్చు. అతికిన గీత దాచాలని చూడనక్కర్లేదు. ఎక్కడ పాతది ముగిసి కొత్తది మొదలైందో ఆ తర్వాత విప్పేవాళ్లకు తెలియాలి కనుక అక్కడ వేరే రంగు దారం వాడటం మంచి అలవాటు.